ముందు కేక వేయండి: నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణలో భద్రత క్లాసు

అందరూ కూర్చున్నారా? వెనక వాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

టైంటేబుల్లో ఈ క్లాసు పేరు "భద్రత, అత్యవసర విధానాలు" అని వేశారు, చూడగానే ఆవలింత వచ్చే పేరు, నాకూ తెలుసు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. పక్క సర్దడం సరిగ్గా రాకపోతే మళ్ళీ సర్దుకోవచ్చు, బీపీ తప్పుగా చూస్తే ఇంకోసారి చూడొచ్చు. ఇవాళ చెప్పేవాటిలో చాలావాటికి రెండో ఛాన్సు ఉండదు.

వార్డులో పేషెంటు పక్కన అందరికంటే ఎక్కువసేపు ఉండేది మీరే. డాక్టరు వచ్చి చూసి వెళ్తారు. నర్సుకి మందులు, ఇంజెక్షన్లు, రికార్డులు, ఒక్కో చేతికి నాలుగు పనులు. తినిపించేది, ఒళ్ళు తుడిచేది, బాత్రూముకి తీసుకెళ్ళేది, రాత్రి దుప్పటి సరిచేసేది మీరు. అంటే ఏదైనా జరిగితే మొదట చూసే కళ్ళు కూడా దాదాపుగా మీవే. అప్పుడు చాలామంది చేసే పని ఏంటంటే, పేషెంటుని అక్కడే వదిలేసి, "సిస్టర్‌కి చెప్పొస్తాను" అని పరుగెత్తడం. అది చేయకండి. పేషెంటు దగ్గరే ఉండి, అక్కడినుంచే పిలవండి. బెల్ ఉంటే బెల్, ఎమర్జెన్సీ బటన్ ఉంటే బటన్, ఏదీ అందకపోతే గొంతు ఉందిగా. సిగ్గుపడకండి, అరవండి.

అరిచేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. "సిస్టర్, సిస్టర్" అని మాత్రమే అరిస్తే నీళ్ళ బాటిల్ కోసం పిలుస్తున్నారో, ప్రాణం మీదకొచ్చి పిలుస్తున్నారో అవతలివాళ్ళకి తెలియదు. "మూడో బెడ్, పేషెంటు పలకట్లేదు, వెంటనే రండి!" ఎక్కడ, ఏమైంది, అంతే. ఎవరైనా పక్కనుంచి వెళ్తుంటే "ఎవరైనా రండి" అనకుండా ఆ మనిషినే చూసి చెప్పండి: "మీరే, నీలం చొక్కా, కౌంటర్ దగ్గరికెళ్ళి ఇలా చెప్పి మళ్ళీ నా దగ్గరికి రండి." అందరినీ అడిగితే ప్రతివాళ్ళూ ఇంకొకరు వెళ్తారులే అనుకుంటారు.

ఇంకోటి, మీకు నేర్పినంత వరకే చేయండి. ఆక్సిజన్ ఎక్కువ తక్కువ చేయడం, సెలైన్ వేగం మార్చడం, మోగుతున్న అలారం చిరాగ్గా ఉందని నొక్కి ఆపేయడం, బల్ల మీద ఎవరో పెట్టి మర్చిపోయిన మాత్ర పేషెంటుకి ఇచ్చేయడం, ఇవేవీ మీ పనులు కావు, బంధువులు ఎంత బతిమాలినా కావు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కింద పడిపోవడం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మీ ఉద్యోగంలో గుండె ఆగిపోవడం కంటే ఇది చాలా ఎక్కువసార్లు చూస్తారు.

పేషెంట్లు ఎప్పుడు పడతారు? ముఖ్యంగా బాత్రూముకి వెళ్ళే తొందరలో. చాలాసేపు పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు పట్టు తప్పుతాయి. అందుకే ఎవరినైనా సరే లేపగానే నడిపించకండి. ముందు మంచం అంచున కాళ్ళు కిందకి వేలాడేసి కాసేపు కూర్చోబెట్టండి, ఒకటి రెండు నిమిషాలు. "తల తిరుగుతోందా?" అని అడగండి, మొహం చూడండి, పాలిపోయిందా, చెమట పట్టిందా. తిరుగుతోంది అంటే మళ్ళీ పడుకోబెట్టి చెప్పండి. అంతే తప్ప "రెండడుగులే కదా" అని లాక్కెళ్ళొద్దు.

గదిలోంచి బయటకి వచ్చేముందు గుమ్మం దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూడడం అలవాటు చేసుకోండి. మంచం పూర్తిగా కిందకి దించారా, చక్రాలకి బ్రేకు ఉందా, బెల్ చేతికి అందుతోందా. ఈ బెల్ సంగతి చెప్తాను. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయిన మనిషికి బెల్ ఎడమ వైపు పెట్టి వస్తారు. అది ఉన్నా లేనట్టే కదా! కళ్ళజోడు, నీళ్ళు, చెప్పులు కూడా అందేలా ఉండాలి, ఆ చెప్పులకి జారని రబ్బరు అడుగు ఉండాలి, సాక్సులతో నున్నటి నేల మీద నడవనివ్వకూడదు. నేల మీద తడి కనిపిస్తే అది ఎవరి పని అని చర్చ పెట్టకండి, తుడిచేయండి.

మంచానికి పక్క కడ్డీలు ఎత్తేస్తే పడరు అనుకుంటారు. గందరగోళంలో ఉన్న మనిషి, ముఖ్యంగా మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళు, ఆ కడ్డీల మీదనుంచి ఎక్కి దిగడానికి చూస్తారు. అప్పుడు ఇంకా ఎత్తునుంచి పడతారు. కడ్డీల మధ్య తల, మెడ ఇరుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఎత్తాలా వద్దా అన్నది పేషెంటుని బట్టి నర్సు చెప్తారు, మీరు నిర్ణయించకండి.

మీతో నడుస్తూ నడుస్తూ పడిపోతుంటే? ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన, చంకల కింద చేతులేసి ఆపేద్దామని. ఆపలేరు. డెబ్బై కిలోల మనిషి ఒక్కసారిగా వదిలేస్తే ఆ బరువంతా మీ నడుం మీద పడుతుంది, ఇద్దరూ కిందే ఉంటారు. పడకుండా ఆపడం మీ పని కాదు, మెల్లగా దించడం మీ పని. కాళ్ళు ఎడంగా పెట్టండి, ఒక కాలు ముందుకి, పేషెంటుని మీ ఒంటికి దగ్గరగా తీసుకోండి, మీ తొడ మీదుగా జారనిస్తూ మీరూ మోకాళ్ళు వంచి కిందకి దిగండి. తల నేలకి తగలకుండా చూసుకోండి, మిగతాది తర్వాత.

పడిపోయాక లేపకండి. ఇది రాసుకోండి, అండర్‌లైన్ చేసుకోండి. బంధువులు "లేపండి, లేపండి" అని గోల చేస్తారు, పేషెంటే "ఏం కాలేదమ్మా, చెయ్యి ఇవ్వు" అంటారు. నర్సు వచ్చి చూసేదాకా కదపొద్దు. ఒక కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటివైపుకి తిరిగినట్టు కనిపిస్తే తుంటి దగ్గర ఎముక విరిగి ఉండొచ్చు, అప్పుడు లేపి నిలబెట్టారంటే ఇంకా పాడవుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు తలకి దెబ్బ తగిలి, నవ్వుతూ మాట్లాడుతున్నా సరే చెప్పాల్సిందే, లోపల రక్తస్రావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. ఎవరూ చూడనప్పుడు పడితే తలకి తగిలిందనే అనుకోవాలి.

వీల్‌చెయిర్ గురించి రెండు మాటలు. ఎక్కించేముందు, దించేముందు బ్రేకులు, కాళ్ళు పెట్టే పలకలు పైకి మడవడం. కుర్చీ ఎప్పుడూ పేషెంటుకి బలం ఉన్న వైపు పెట్టాలి. వాలు దారిలో దిగేటప్పుడు మీరు వెనక్కి నడుస్తూ కుర్చీని వెనక్కి దించాలి. అలాగే మీ నడుం కూడా. పని చేసేటప్పుడు మంచం మీ నడుం ఎత్తుకి పెంచుకోండి, వంగి వంగి చేయకండి, బరువు ఎత్తుతూ నడుం తిప్పకండి, పాదాలు తిప్పండి. పని అయ్యాక మంచం మళ్ళీ కిందకి, అది మాత్రం మర్చిపోవద్దు. ఒక్కరివల్ల కాదనిపిస్తే ఇంకొకరిని పిలవండి. బలప్రదర్శన వద్దు, ఈ వృత్తిలో నడుం పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

సరే, తర్వాత గొంతుకి అడ్డం పడడం. అసలు రాకుండా చూసుకోవడమే ముఖ్యం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందకి వంచి, చిన్న చిన్న ముద్దలు, మింగాక ఇంకోటి. పక్షవాతం ఉన్నవాళ్ళు బలహీనమైన వైపు బుగ్గలో తిండి దాచుకున్నట్టు ఉండిపోతుంది, వాళ్ళకే తెలియదు, తిన్నాక నోరు చూడండి. పళ్ళ సెట్టు ఉన్నవాళ్ళకి అది పెట్టాకే తిండి. తిన్న వెంటనే పడుకోబెట్టకండి, ఒక అరగంట కూర్చోనివ్వండి.

పొలమారి గట్టిగా దగ్గుతున్నారంటే, దగ్గనివ్వండి. గాలి ఆడుతోందనే దానికి అర్థం. పక్కనే ఉండి "దగ్గండి, దగ్గండి" అనండి. దగ్గు శబ్దం ఆగిపోయి, మాట రాక, చేతులు గొంతు దగ్గరికి వెళ్ళి, పెదాలు నీలం తిరుగుతుంటే, అది ఎమర్జెన్సీ. పిలవండి, పిలుస్తూనే మొదలుపెట్టండి. ముందుకి వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరిచేతి కింది గట్టి భాగంతో ఐదు గట్టి చరుపులు. రాకపోతే వెనకనుంచి చేతులు చుట్టి, బొడ్డుకి పైన, రొమ్ము ఎముకకి కింద పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదు నొక్కులు. మళ్ళీ ఐదు చరుపులు, మళ్ళీ ఐదు నొక్కులు. 1974లో డాక్టర్ హైమ్లిక్ ఈ పొట్ట నొక్కే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాక చాలాచోట్ల అదొక్కటే నేర్పుతూ వచ్చారు, 2025 అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి కూడా ముందు వీపు మీద చరుపులు, తర్వాత పొట్ట నొక్కులు అని పెట్టారు. గర్భిణులకీ, చేతులు చుట్టూ అందనంత లావుగా ఉన్నవాళ్ళకీ పొట్ట బదులు ఛాతీ నొక్కాలి. ఏడాదిలోపు పసిపిల్లలకి పొట్ట అసలు నొక్కకూడదు, ఐదు చరుపులు, ఐదు ఛాతీ నొక్కులు. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి తోసేస్తారు. స్పృహ పోతే కింద పడుకోబెట్టి సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ శ్వాస ఇవ్వడం.

సీపీఆర్ రేపు బొమ్మ మీద చేయిస్తాం, చెమటలు పట్టేదాకా చేయిస్తాం, కాబట్టి ఇవాళ కొంచెమే. భుజం తట్టి పిలవండి, పలకట్లేదా, కేక. ఊపిరి ఉందా అని చూడడానికి పది సెకన్లకి మించి తీసుకోవద్దు. చేప నీళ్ళు లేక నోరు తెరిచినట్టు అప్పుడొకటి అప్పుడొకటి ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదు. చాలామంది దాన్ని చూసి "ఊపిరి ఉందిలే" అని ఆగిపోతారు, అక్కడే విలువైన నిమిషాలు పోతాయి, మెదడుకి రక్తం అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. ముప్ఫై నొక్కులకి రెండు శ్వాసలు, రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. అలిసిపోయాక మీరు నొక్కుతున్నాననుకుంటారు, లోతు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. మెత్తటి పరుపు మీద నొక్కితే లోతు రాదు, అందుకే గాలి పరుపు ఉంటే దాన్ని ఖాళీ చేసే మీట ఎక్కడుందో ముందే తెలుసుకోండి. ఏఈడీ, అంటే గుండెకి షాక్ ఇచ్చే యంత్రం, వస్తే ఆన్ చేయండి, అదే మాట్లాడుతుంది, అది చెప్పింది చేయండి, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ పేషెంటుని తాకకూడదు. పక్కటెముక పుటుక్కుమన్నా ఆపకండి.

ఎవరో చెయ్యెత్తారు. ఆ, చెప్పమ్మా. "సీపీఆర్ వద్దని రాసిచ్చిన పేషెంటయితే?" మంచి ప్రశ్న. అది డ్యూటీ మారేటప్పుడే తెలుసుకోవాలి, ఏ బెడ్‌కి అలాంటి ఆర్డరు ఉందో అడిగి రాసుకోండి. ఆ క్షణంలో మీకు ఖచ్చితంగా తెలియకపోతే మొదలుపెట్టండి. ఆర్డరు ఉందని తేలితే అప్పుడు ఆపుతారు.

ఫిట్స్ వస్తే టైం చూడండి, మొదట చేయాల్సింది అదే. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరపండి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టండి, కాళ్ళూ చేతులూ బలంగా పట్టి ఆపకండి, నోట్లో ఏదీ పెట్టకండి. చెంచా గానీ, గుడ్డ గానీ, ఏదీ. నాలుక మింగేస్తారన్నది అబద్ధం, పళ్ళు విరగడం, వేలు తెగడం మాత్రం నిజం. కొట్టుకోవడం ఆగాక పక్కకి తిప్పండి. ఐదు నిమిషాలు దాటితే అది పెద్ద ఎమర్జెన్సీ, అందుకే టైం చూడమన్నాను.

మూతి ఒకవైపుకి పోవడం, ఒక చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా పక్షవాతం అనుకుని పిలవండి. అప్పుడు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఆఖరుసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు?" అని. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ఆ లెక్క మొదలయ్యేది పేషెంటుని ఆఖరుసారి మామూలుగా చూసిన టైం నుంచే. నీళ్ళు కూడా తాగించకండి. ఇక షుగర్ ఉన్న మనిషి హఠాత్తుగా చెమటలు పట్టి, వణుకుతూ, తిక్కతిక్కగా మాట్లాడుతుంటే కోపం అనుకోకండి, షుగర్ పడిపోయి ఉండొచ్చు, 70 కంటే తగ్గితే తక్కువ అన్నట్టే. పిలవండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో పంచదార, రసం ఏదీ పోయకూడదు.

ఇన్ని చెప్పాను గానీ నిజానికి ఇవి చాలావరకు ఉన్నట్టుండి ఊడిపడవు. గుండె ఆగడానికి కొన్ని గంటల ముందే చాలామందిలో ఏదో ఒక తేడా కనిపిస్తుంది, ముందుగా కనిపించేవాటిలో ఒకటి ఊపిరి వేగం. పెద్దవాళ్ళకి నిమిషానికి 12 నుంచి 20 మామూలు. ఛార్టులు తీసి చూడండి, వార్డంతా 18, 18, 18 అని ఉంటుంది. (నవ్వులు) నవ్వుతున్నారంటే మీకూ తెలుసన్నమాట. లెక్కపెట్టకుండా రాస్తారు. నిమిషం పాటు ఛాతీ చూస్తూ లెక్కపెట్టండి, లెక్కపెడుతున్నట్టు పేషెంటుకి చెప్పకండి, చెప్తే ఊపిరి మార్చేస్తారు. బ్రిటన్‌లో 2012లో తెచ్చిన హెచ్చరిక స్కోరు పద్ధతిలో ఊపిరి 25, ఆ పైన ఉన్నా, 8, ఆ కింద ఉన్నా ఆ ఒక్కదానికే అత్యధిక మార్కు, అంటే ప్రమాదం అని చెప్పే మార్కు, పడుతుంది. మీరు 18 అని రాసేస్తే ఆ పద్ధతి ఏం చేస్తుంది పాపం?

మంటలు. నాలుగు మెట్లు, ఇదే వరసలో: ప్రమాదంలో ఉన్న పేషెంటుని అక్కడినుంచి తప్పించడం, అలారం, తలుపులు మూయడం, ఆ తర్వాతే ఆర్పడమో ఖాళీ చేయడమో. వీటిలో తలుపు మూయడాన్ని ఎవరూ లెక్కచేయరు, కానీ పొగ పక్క గదులకి పోకుండా ఆపేది అదే, చంపేది ఎక్కువగా పొగే. ఆస్పత్రిలో అందరినీ ఒకేసారి మెట్లు దించేయరు, ముందు అదే అంతస్తులో మంటలాపే తలుపు అవతలికి జరుపుతారు, తర్వాత అవసరమైతే కిందకి. లిఫ్టు వద్దు. నడవలేని మనిషిని దుప్పటితో సహా నేల మీద ఈడ్చుకెళ్ళొచ్చు, అది అవమానం కాదు.

ఆక్సిజన్ దానంతట అది కాలదు, కానీ కాలేదాన్ని భయంకరంగా కాల్చేస్తుంది. అది బట్టల్లో, జుట్టులో, దుప్పట్లో నిలిచి ఉంటుంది కాబట్టి ఆపేశాక కూడా కాసేపు జాగ్రత్త. ఆక్సిజన్ ఉన్నచోట అగ్గిపుల్ల, సిగరెట్ సరే, మొహానికి వాజెలిన్ లాంటి జిడ్డు కూడా రాయొద్దు. సిలిండర్ నిలబెట్టి గొలుసుతో కట్టాలి. వార్డు మొత్తానికి ఆక్సిజన్ ఆపే వాల్వు ఎక్కడుందో, దాన్ని ఆపమని చెప్పే అధికారం ఎవరికుందో మొదటిరోజే అడగండి. మంటలార్పే సిలిండర్ వాడాలంటే పిన్ను లాగండి, మంట అడుగు భాగానికి గురిపెట్టండి, నొక్కండి, అటూ ఇటూ ఊపండి. చెత్తబుట్టంత మంట వరకే మీ ప్రయత్నం, అదీ వీపు తలుపు వైపు ఉన్నప్పుడే. ఆ సిలిండర్ నిమిషం కూడా రాదు, గుర్తుంచుకోండి. కరెంటు మంట మీద నీళ్ళు పోయొద్దు.

సూదులు. మీరు ఇంజెక్షన్ ఇవ్వరు, కానీ గుచ్చుకునేది మీకే, దుప్పట్లు దులిపేటప్పుడు, చెత్త సంచి చేత్తో అణిచేటప్పుడు. దుప్పటి దులపకండి, విప్పి చూసి మడవండి. చెత్త సంచి అణచకండి. సూదుల డబ్బా ముప్పావు వంతు నిండితే మార్చమని చెప్పండి. గుచ్చుకుంటే సబ్బు, నీళ్ళతో కడగండి, పిండొద్దు, నోటితో పీల్చొద్దు, బ్లీచింగ్ పోయొద్దు. ఆ తర్వాత వెంటనే చెప్పండి, డ్యూటీ అయ్యాక కాదు, తిడతారని దాచిపెట్టుకుని రేపు కాదు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సూది గుచ్చుకున్నా సోకే అవకాశం వెయ్యికి మూడు, టెన్షన్ పడకండి. హెపటైటిస్ బీ అంతకంటే ఎన్నో రెట్లు తేలిగ్గా సోకుతుంది, కానీ దానికి టీకా ఉంది. వార్డులోకి వెళ్ళేముందే వేయించుకోండి, మూడు డోసులూ.

చేతులు కడుక్కోవడం మీకు వేరే క్లాసు ఉంది. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు చేతులు కడగమంటే తోటి డాక్టర్లలో చాలామంది మండిపడ్డారు, ఇప్పటికీ కొందరు మొహం ముడుచుకుంటారు. ఒక్కటి చెప్పి వదిలేస్తా: గ్లవ్స్ వేసుకున్నంత మాత్రాన కడగడం మానొద్దు, రక్షణ బట్టలు వేసుకునేటప్పుడు కంటే తీసేటప్పుడే క్రిములు ఒంటికి అంటుకుంటాయి, అందుకే తీసేటప్పుడు తొందర వద్దు.

రాయడం. ఏదైనా జరిగితే రిపోర్టు రాయాలి, చూసింది రాయాలి, ఊహించింది కాదు. మీరు గదిలోకి వెళ్ళేసరికి పేషెంటు నేల మీద ఉంటే "పేషెంటు మంచం మీదనుంచి పడిపోయారు" అని రాయకండి, మీరు చూడలేదు కదా. "ఫలానా టైముకి నేల మీద ఎడమవైపుకి తిరిగి పడుకుని ఉన్నారు, మంచం బ్రేకు వేసి ఉంది, మెలకువగా ఉండి మాట్లాడారు" అని రాయండి.

ఆఖరి ప్రశ్న, ఆ మూలనుంచి. "మేం చెప్తే సీనియర్లు పట్టించుకోకపోతే?" జరుగుతుంది, అబద్ధం చెప్పను. "కొంచెం తేడాగా ఉన్నారు" అంటే ఎవరికైనా తేలిగ్గానే వినిపిస్తుంది. "ఐదో బెడ్ పెద్దాయన పొద్దున మామూలుగా మాట్లాడారు, ఇప్పుడు తన పేరు అడిగితే తికమక పడుతున్నారు, ఊపిరి 28, ఇప్పుడే వచ్చి చూస్తారా?" అని అడగండి. అంకె ఉంది, మార్పు ఉంది, ఏం కావాలో ఉంది. వింటారు. అప్పటికీ రాకపోతే ఇంకోసారి చెప్పండి, ఆ తర్వాత వార్డు ఇన్‌ఛార్జికి చెప్పండి, మీ ఆస్పత్రిలో అత్యవసర బృందం ఉంటే ఆ నంబరుకి ఎవరు ఫోన్ చేయొచ్చో, మీరు చేయొచ్చో లేదో ముందే కనుక్కోండి. ఎవరో చిరాకు పడతారు, పడనివ్వండి.

ఇంకేం లేవా? అయితే పక్క హాల్లోకి రండి, చాపలు పరిచి ఉన్నాయి. ఇద్దరిద్దరు జతకట్టి, ఒకరు పడాలి, ఒకరు దించాలి. చెవి రింగులు, వాచీలు తీసేయండి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందే నాకు చెప్పండి, వాళ్ళకి వేరే పని ఇస్తాను.